పెర్రీ వెస్పర్ జారిన మంగళవారం

ఏంటే జోడీ, పేపరువాళ్ళు నిన్నే రాయమన్నారా? బావుంది, మా తమ్ముడి మనవరాలి పేరు పేపర్లో పడుతుందన్నమాట. మీ తాత పేరు కూడా ఒకసారి పడిందిలే, కుక్కకి లైసెన్సు తీసుకోలేదని. కూర్చో, కూర్చో. అయ్యో, ఆ కుర్చీ కాదు, అది పిల్లిది, నువ్వు కూర్చుంటే సాయంత్రం దాకా నా మీద అలుగుతుంది. ఇటు రా. టీ పోస్తాను. పెర్రీ వెస్పర్ గురించా? అడుగు మరి. ఆ రోజుల్లో మన లోయలో ఆయన కచేరీలు మూడు జరిగితే మూడింటికీ ముందు వరసలో ఉన్నదాన్ని, నన్నడక్క ఇంకెవర్నడుగుతావ్. కానీ ముందు ఆ ఫోను ఆపు. రికార్డయ్యేది ఆపమంటున్నా. ఆపావా? ఏదీ చూపించు. ఆఁ. ఎందుకంటే నేను చెప్పేది నా స్నేహితురాలు పాట్సీ చెవిన పడిందంటే ఆ మనిషి బతికుండగానే సగం చచ్చిపోతుంది. శనివారం ఎంబసీ హాలు గోడకి ఆయన పేరుతో ఫలకం పెడతారు కదా, పాట్సీ లేచి పది నిమిషాలు మాట్లాడుతుంది కదా, ఏం మాట్లాడుతుందనుకున్నావ్? "వెయ్యిమంది ఆడపిల్లలున్నారు, పెర్రీ వెస్పర్ నా దగ్గరికే వచ్చాడు" అని. అదే మాట యాభై ఏళ్ళుగా. పెళ్ళిళ్ళలో చెప్పింది, చావుల్లో చెప్పింది, పళ్ళ డాక్టరు నోట్లో దూది పెడితే దూదితోనే చెప్పింది. ఆ మాట నిజం కాదని ఎరిగినవాళ్ళు ఇద్దరే. ఒకరు పెర్రీ, పోయి నలభై ఏళ్ళు. రెండోదాన్ని నేను. ఇప్పుడు నీకు చెప్తున్నానంటే, రేపు నువ్వు ఆ పుస్తకాలూ ఈ పుస్తకాలూ చదివేసి పేపర్లో ఏదో ఒకటి గిలికేసి దాని కొంప ముంచుతావేమోనని భయం. అందుకే చెప్తున్నా. విని, నోరు మూసుకో.

అసలు పేరు పర్సీ రాగ్. కొండకి అవతలివాడు, రోథరామ్. మనకీ వాళ్ళకీ పడదు గానీ, యార్క్‌షైర్ వాడే అయినా మంచివాడే. రొట్టెల బట్టీలో పని చేసేవాడట. ఆ పేరుతో ఎవరు చూస్తారు చెప్పు? అందుకని పెర్రీ వెస్పర్ అయ్యాడు. వెండి రేకులాంటి బట్టలు, ఒంటికి అతుక్కుపోయేవి, మెడ నుంచి బొడ్డు దాకా తెరిచి ఉండేవి. కనురెప్పల మీద నీలం రంగు, బుగ్గ మీద నక్షత్రం, జుట్టు నిండా తళుకు పొడి. టీవీలో మొదటిసారి వచ్చిన రోజు మా ఇంట్లో అందరం సాయంత్రం టీ తాగుతున్నాం. మా అమ్మ, "పాపం, ఆ అమ్మాయికి చలేస్తుందేమో" అంది. మా నాన్న పేపరు దించి, "అది అమ్మాయి కాదే" అన్నాడు. మా అమ్మ కాసేపు చూసి, "అయినా చలేస్తుంది కదండీ" అంది. నాకు మాత్రం ఇక్కడ, ఇదిగో ఇక్కడ, ఏదో పట్టేసినట్టయింది. పద్దెనిమిదేళ్ళు. ఆ మర్నాడు మా జోళ్ళ ఫ్యాక్టరీలో ప్రతి ఆడపిల్ల బుగ్గ మీదా నక్షత్రం. మా మేస్త్రీ క్లెగ్ వరసంతా నడిచి చూసి, "ఇదేమన్నా అంటురోగమా?" అన్నాడు.

మనిషి పొట్టి. అయిదడుగుల మూడంగుళాలు, అంతే. అందుకే ఆ దిమ్మ బూట్లు, అడుగున ఆరంగుళాలు, మడమ ఏడు. ఆ బూట్ల మీద ఎక్కి నిలబడితే మాత్రం, అబ్బ, రాజుగారే. లీడ్స్ పిల్లలు ఆయన కచేరీకి తళుకు పొడి పూసుకొచ్చేవాళ్ళు, మాంచెస్టర్ వాళ్ళు సిల్కు గుడ్డలు ఊపేవాళ్ళు. మనది ఇంట్లో తొడుక్కునే మెత్తటి జోళ్ళు కుట్టే లోయ కదా, మన దగ్గర లేనిదేముంది? బెండు ముక్కలు బస్తాల కొద్దీ, జిగురు డబ్బాల కొద్దీ. దుకాణంలో దిమ్మ బూట్లు కొనాలంటే రెండు వారాల జీతం. మేమెందుకు కొంటాం? పాత బూటు అడుగున బెండు మీద బెండు, బెండు మీద బెండు అంటించుకునేవాళ్ళం. భోజనాల వేళ బల్లల కింద అదే పని. ఒకత్తి అయిదంగుళాలు చేస్తే ఇంకొకత్తి ఆరు. డెబ్బై రెండులో ఆయన మొదటిసారి ఎంబసీ హాలుకొచ్చాడు. ఆ హాలు వేదిక ఎత్తెంతో తెలుసా? జానెడెత్తు. ఆయన వచ్చి మైకు దగ్గర నిలబడి చూస్తే ముందు వరసలో పిల్లలు ఆయన మొహానికి మొహం పెట్టి నిలబడున్నారు. అటు చూశాడు, ఇటు చూశాడు, మైకులో "ఇదేం ఊరు తల్లీ, నన్నేమన్నా గుంటలో నిలబెట్టారా?" అన్నాడు. హాలు పగిలిపోయింది. వెనకాలవాళ్ళకి మాత్రం మా వీపులు తప్ప ఏమీ కనపళ్ళేదు, ఆ గొడవ వేరే. ఆ వెనకాల నిలబడ్డ పక్క ఊరు బేకప్ పిల్లలు ఇప్పటికీ మాతో సరిగ్గా మాట్లాడరు. ముసలాళ్ళయ్యారు, మాట్లాడరు.

పాట్సీ ఎనిమిదంగుళాలు చేసుకుంది. అదీ, అసలే తాడిచెట్టు. ఉత్త కాళ్ళతోనే ఆరడుగులకి ఒకంగుళం తక్కువ. మా ఫ్యాక్టరీలోనే తోలు కోసే యంత్రం మీద పని చేసేది, దాని చేతులు చూడాలి నువ్వు, మగాళ్ళకి కూడా ఉండవు అలాంటి చేతులు. అందగత్తె కాదని కాదు, బావుండేది, కానీ డాన్సులకి వెళ్తే గోడ పక్కన నిలబడి మా కోట్లు మోయడమే దాని పని. ఎవడూ పిలిచేవాడు కాదు. దాని మెడ కిందకొచ్చే మగాడికి అది అవమానం కదా మరి. ఒకడెవడో "నిచ్చెన తెచ్చుకుని వస్తా ఆగు" అన్నాడు, అందరూ నవ్వారు, అదీ నవ్వింది. బస్సులో ఇంటికొస్తూ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను చూశాను దాని మొహం. అట్లాంటిది ఎనిమిదంగుళాల బూట్లు ఎందుకు చేసుకుందే అంటే, "ఎలాగూ నవ్వుతారు, సరిగ్గా నవ్వనీ" అంది. అదీ పాట్సీ అంటే. నాకు దాని మీద కోపం ఎంతొస్తుందో ప్రేమా అంతే వస్తుంది.

ఎక్కడున్నాను? ఆఁ, మంగళవారం. డెబ్బై మూడు నవంబరు. రెండోసారి వస్తున్నాడు. సాయంత్రం ఏడున్నరకి కచేరీ. మధ్యాహ్నం రెండింటికి మా ఫ్యాక్టరీ తలుపు తోసుకుని ఒంటె రంగు కోటు వేసుకున్న మనిషొకాయన లోపలికొచ్చాడు, లోమాక్స్ అని, పెర్రీ మేనేజరు. చేతుల్లో తువ్వాలు చుట్టి ఏదో పట్టుకున్నాడు, పురిటి బిడ్డని ఎత్తుకున్నట్టు. విప్పాడు. వెండి బూటు! ఎడమ కాలుది. అడుగు దిమ్మ సగానికి చీలిపోయి, కింది రబ్బరు ముక్కలై వేలాడుతోంది. "ఊళ్ళో బూట్లు బాగుచేసేవాడు ఒక్కడూ లేడా? అన్నీ మూసేసి ఉన్నాయేమిటి? ఎవరన్నా పోయారా?" అంటాడు. లండన్ వాడు కదా. మంగళవారం మన లోయలో ఒంటిగంటకి దుకాణాలు మూసేస్తారని పిల్లికి కూడా తెలుసు. క్లెగ్ చేతులు కట్టుకుని, "మేం బూట్లు చెయ్యమండి. జోళ్ళు చేస్తాం. ఇంట్లో తొడుక్కునేవి. ముసలమ్మలకి" అన్నాడు. లోమాక్స్ మొహం చూస్తే ఏడ్చేట్టున్నాడు. "అయ్యా, ఈ బూట్లు లేకపోతే ఆయన వేదికెక్కడు. ఎక్కకపోతే వెయ్యిమంది పిల్లలు మీ ఊరు తగలబెడతారు" అన్నాడు. అప్పుడు నేను చెయ్యెత్తాను. బళ్ళో ఎత్తినట్టు. నా చెయ్యి నన్నడక్కుండానే లేచింది. క్లెగ్ నా వైపు చూసి, "ఇదా! ఇది జోళ్ళ మీద బొచ్చు పువ్వులు కుట్టే పిల్ల" అన్నాడు. నేను, "దిమ్మలు నేను ఇరవై జతలు కట్టాను సార్" అన్నాను. ఎక్కడ, ఎప్పుడు, ఎవరి బెండుతో అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

బల్ల మీద పెట్టుకున్నాను. లోపల చెమట వాసన, ఉత్త మామూలు చెమట వాసన, మా నాన్న పనిబూట్లలో వచ్చేలాంటిది. ఎందుకో ధైర్యం వచ్చింది. దిమ్మని జిగురు పెట్టి బిగించాను, మేకులు దింపాను, రాయిలా అయింది. కానీ అడుగున అంటించడానికి రబ్బరేదీ? మా ఫ్యాక్టరీలో రబ్బరెక్కడిది? ఫెల్టుంది. అదే, ఉన్నిని నొక్కి నొక్కి దళసరి అట్టలా చేస్తారు చూడు, మా జోళ్ళ అడుగున అంటించేది. అందులోనూ మేలురకం ఒకటుండేది, ఎర్రది, పెద్ద దుకాణాల ఆర్డర్లకి దాచేది. ఆయనకి మామూలుది వేస్తానా? ఎర్రదే కోశాను. నున్నగా, ముద్దుగా, పెదవిలాగా ఉంది. అక్కడితో ఆగితే ఈ కథే లేదు. ఒక కాలికి ఫెల్టు, ఒక కాలికి రబ్బరు ఉంటే మహా అయితే ఒక్క కాలు జారేది, తూలి నిలదొక్కుకునేవాడు. కానీ జోళ్ళు చేసేవాళ్ళం కదమ్మా మనం. జత కుదరనిది బల్ల దాటితే పరువు పోదూ? నేను లోమాక్స్‌తో, "రెండోది కూడా పట్రండి" అన్నాను. "దానికేం కాలేదమ్మా, బంగారంలా ఉంది" అన్నాడాయన. "ఒకటి ఎరుపు, ఒకటి నలుపా? మా లోయ నుంచి అలా పంపించం" అన్నాను, నడుం మీద చెయ్యి పెట్టుకుని. క్లెగ్ కూడా, "పిల్ల చెప్పింది కరెక్టే" అన్నాడు. ఆ ముసలాడు నన్ను మెచ్చుకోవడం అదే మొదలు, అదే ఆఖరు. లోమాక్స్ పరిగెత్తుకెళ్ళి రెండోది తెచ్చాడు. బావున్న రబ్బరు పీకేసి మరీ ఫెల్టు వేశాను. చూసుకో నా తెలివి!

పైగా ఆ రోజు హాలు కాపలాదారు, పెద్ద మనిషి వస్తున్నాడని, వేదికని మైనం పెట్టి రెండుసార్లు తుడిచాడట. అద్దంలా మెరిసిపోతోంది. నేను, పాట్సీ ముందు వరసలో మధ్యన. నేను చేసిన బూట్లతో వస్తున్నాడు కదా! పాట్సీకి చెప్పలేదా అంటావా? చెప్పలేదు. అది మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టి క్యూలో ఉంది, చెప్పే తీరిక దొరకలేదు, తర్వాత చెప్దాం, ఒక్కసారిగా అదరగొడదాం అనుకున్నా. దీపాలు పోయాయి. డప్పులు మొదలు. ధమ్ ధమ్, ధమ్ ధమ్. వెయ్యిమంది బెండు బూట్లతో నేల తన్నుతుంటే పైనుంచి సున్నం రాలింది. ఆయన రావడం ఎప్పుడూ ఒకేలా వచ్చేవాడు. వేదిక వెనక చీకట్లోంచి పరుగున వచ్చి, మైకు ముందు టక్కున ఆగి, రెండు చేతులూ బార్లా చాపేవాడు. ఆ ఆగడానికే పిల్లలు స్పృహ తప్పేవాళ్ళు. ఆ రోజూ పరుగున వచ్చాడు. చేతులు చాపాడు. ఆగలేదు. మైకు దాటాడు. చేతులు అలాగే చాపి ఉన్నాయి, మొహం నవ్వుతోంది, కళ్ళు మాత్రం నవ్వట్లేదు. నాకు ఒక్క క్షణంలో అర్థమైపోయింది. ఎర్ర ఫెల్టు! ఓరి దేవుడా, పెర్రీ వెస్పర్‌ని చంపేశాను అనుకున్నా. వేదిక అంచు దాటి గాల్లోకి లేచాడు. నా పక్కనున్న పిల్లలంతా అరిచి అటూ ఇటూ పడ్డారు. పాట్సీ పడలేదు. చెప్పాగా దాని చేతులు. ఎనిమిదంగుళాల బెండు మీద గుంజలా నిలబడి, వచ్చినవాణ్ణి వచ్చినట్టు పట్టేసుకుంది, వెండి బట్టలూ తళుకులూ అన్నిటితో. గోధుమ బస్తా అందుకున్నట్టు. ఆయన దాని మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. "నిమిషం సేపు కళ్ళల్లో కళ్ళు పెట్టి చూశాడే, ఒక్క మాట మాట్లాడలేదు, మాటలెందుకు?" అంటుంది పాట్సీ. మాటలెలా వస్తాయమ్మా, ఊపిరి ఆగిపోతే! పక్కనున్నాగా, నాకు కనపడదా? చేపలాగా నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు.

ఆ తర్వాతది విను, ఇదింకా బావుంటుంది. స్పృహ తప్పిన పిల్లల్ని మోసుకెళ్ళడానికి అంబులెన్సు ముసలాళ్ళు ఇద్దరుండేవాళ్ళు. వాళ్ళకి ఏం కనపడింది? పొడుగు జుట్టు, నీలం రంగు పూసుకున్న కళ్ళు, ఎవరి చేతుల్లోనో వాలిపోయిన మనిషి. "రా తల్లీ, రా, ఏం ఫర్లేదు" అని దుప్పటి కప్పి, ఇద్దరూ చెరోవైపూ పట్టుకుని ఆయన్ని మందుల గదికి మోసుకుపోతున్నారు! ఆయనకి అప్పుడొచ్చింది ఊపిరి. "నేనే పాడేవాణ్ణి, వదలండ్రా!" అని అచ్చం రోథరామ్ యాసలో ఒక్క అరుపు. వెయ్యిమంది నవ్వు. ఇంకొకడైతే సిగ్గుతో చచ్చిపోయేవాడు. ఆయన దుప్పటి భుజాన అలాగే వేసుకుని వేదికెక్కి, కింద కాళ్ళ వైపు చూసుకున్నాడు. ఒక పాదం ముందుకి, వెనక్కి, నున్నగా జరిపి చూశాడు. తలెత్తాడు. డప్పులవాడికి సైగ చేశాడు. మళ్ళీ వెనక్కెళ్ళి పరుగున వచ్చి, ఈసారి కావాలనే జారాడు, మైకు కర్ర పట్టుకుని గిర్రున తిరిగి ఆగాడు. అబ్బబ్బ! ఆ అరుపులు నీకెలా చెప్పను! ఆ సాయంత్రం పదకొండుసార్లు జారాడు. నేను లెక్కపెట్టాను, ప్రతిసారీ ప్రాణం అరచేతిలో పెట్టుకుని. తర్వాత నెలకి దేశం మొత్తం వెస్పర్ జారుడు. బడి వరండాల్లో పిల్లలు మేజోళ్ళతో జారి పళ్ళు రాలగొట్టుకున్నారు, హెడ్మాస్టర్లు నోటీసులు పెట్టారు. మీ తాత మా వంటింట్లో జారి పొయ్యికి తగిలాడు, ఆ మచ్చ అడిగి చూపించుకో. నువ్వు చదివిన పుస్తకంలో ఏముంది? లండన్‌లో ఆరు నెలలు ఎవరో డాన్సు మాస్టారి దగ్గర నేర్చుకున్నాడనా? హుఁ. మన ఊళ్ళో, ఈ వాటర్‌ఫుట్‌లో, జోళ్ళ ఫ్యాక్టరీలో, నా కత్తెరతో నేర్చుకున్నాడు.

కచేరీ అయ్యాక లోమాక్స్ వచ్చి నన్ను పిలుచుకెళ్ళాడు. ఉద్యోగం పోయింది, జైలుకే అనుకున్నా. లోపల పెర్రీ గిన్నెలు కడిగే తొట్టిలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. మొహాన రంగు సగం తుడిచాడు, సగం ఉంది. బూటు తిరగేసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఇది నీ పనేనా?" "నా పనేనండి." "నన్ను చంపుదామనుకున్నావా?" "లేదండి. జత కుదరాలని." ఆయన నన్ను చూసి, బూటు చూసి, పకపకా నవ్వాడు, తొట్టిలో నీళ్ళన్నీ కింద పడ్డాయి. "ఇంకో నాలుగు జతలకి ఫెల్టు కోసి పంపుతావా? కానీ ఎవరికీ చెప్పకూడదు. నేనే కనిపెట్టానని చెప్పుకుంటా. నాకు చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు, నొరీన్" అన్నాడు. నా పేరు పెట్టి! సరేనన్నాను. నిలబడే ఉన్నాను, పాట్సీ గురించి ఏమన్నా అడుగుతాడేమో, పట్టుకున్న పిల్ల ఎవరు, దెబ్బ తగిలిందా అంటాడేమోనని. అడగలేదు. ఒక్క ముక్క లేదు. మనిషిని పట్టించుకోలేదు, గోడకి తగిలినట్టే అనుకున్నాడు. బయటికొస్తే మెట్ల మీద పాట్సీ కూర్చునుంది. దాని బుగ్గలు, మెడ, చేతులు, అంతా ఆయన ఒంటి తళుకులే. వీధి దీపం కింద అది అలా మెరుస్తోంది. "నా దగ్గరికొచ్చాడే, నొరీన్. అంతమందిలో. నన్ను చూసి వచ్చాడు" అంది. చుట్టూ ఆడపిల్లలు, అన్నాళ్ళూ దాన్ని చూసి నవ్వినవాళ్ళే, నోరెళ్ళబెట్టి దాన్నే చూస్తున్నారు. చెప్పు నువ్వు, నేనేమనాలి? "అవునే" అన్నాను. అంతే. ఒక్క "అవునే". అది యాభై ఏళ్ళు మోయాల్సొచ్చింది.

తేలికనుకోకు. నాకు కుళ్ళు. ఉన్నమాట చెప్తున్నా. ఫెల్టు నాది, జిగురు నాది, చెయ్యెత్తింది నేను, కౌగిలేమో దానికి! రెండు నెలలకోసారి కాగితంలో చుట్టి ఫెల్టు పంపేదాన్ని, పోస్టాఫీసులో "మా అత్తకి" అని చెప్పేదాన్ని. పాట్సీ ఆ మాట చెప్పుకుని చెప్పుకుని మారిపోయింది. నడుం నిటారుగా నిలబెట్టి నడిచేది. డాన్సులో గోడ పక్కన నిలబడేది కాదు, మధ్యలోకెళ్ళి ఒక్కత్తీ ఆడేది. కెన్ అని ఒకణ్ణి కట్టుకుంది, వాడు ఆరేళ్ళకి బస్సు కండక్టరమ్మతో లేచిపోయాడు. ఇద్దరు పిల్లలు, లాండ్రీలో పని. అప్పుడు కూడా, "పోతే పోయాడు. పెర్రీ వెస్పర్ వచ్చాడు నా దగ్గరికి, కెన్ ఎవడు?" అనేది. నా పెళ్ళిలో ఏం చేసిందో తెలుసా? నా పెళ్ళిలో! లేచి గ్లాసు మోగించి, నా గురించి రెండు మంచి ముక్కలు చెప్తుందనుకుంటే, "నొరీనే దీనికి సాక్ష్యం, ఆ రోజు నా పక్కనే ఉంది" అని మొదలుపెట్టింది. పది నిమిషాలు! మీ తాత బల్ల కింద నా చెయ్యి పట్టుకున్నాడు, నేను లేస్తానని. నాలిక చివరిదాకా వచ్చింది. "ఆయన జారాడే పిచ్చిదానా, నా ఫెల్టు మీద జారాడు" అనేస్తే అయిపోయేది. అందరూ నవ్వేవాళ్ళు. అదీ నవ్వేది. బస్సులో కిటికీ వైపు తిరిగి నవ్వినట్టు. మింగేశాను. కేకుతో పాటు మింగేశాను.

టీ చల్లారిపోతోంది, తాగు. బిస్కెట్టు ముంచుకో, సిగ్గెందుకు.

ఎనభై మూడు ఆగస్టు. మోర్కాంబ్ వెళ్ళాం, నేనూ పాట్సీ, పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేట్టు. వాన. అక్కడ సముద్రం ఒడ్డున చిన్న థియేటర్లో మధ్యాహ్నం ఆట, గోడ మీద కాగితం, పెర్రీ వెస్పర్, ఇద్దరు గారడీవాళ్ళు, మాట్లాడే కుక్క. కుక్క పేరు పైన ఉంది. పాట్సీకి అదేమీ కనపడలేదు, "పెర్రీ!" అని రోడ్డు మీదే అరిచింది. అది టికెట్లు తీసుకుంటుంటే నేను పక్క సందులోంచి లోపలికెళ్ళాను. ఫెల్టు ఇవ్వడానికా అంటావా? ఫెల్టు అడగడం మానేసి అయిదేళ్ళయింది అప్పటికి. మోకాలు పోయింది, జారలేడు. ఊరికే చూద్దామని వెళ్ళా. విగ్గు దువ్వుకుంటున్నాడు. నన్ను గుర్తుపట్టాడు! "నన్ను చంపబోయిన పిల్ల" అన్నాడు. కాసేపు నవ్వుకున్నాం. అప్పుడు ఎందుకో, నాకూ తెలీదు, పాట్సీ సంగతి మొత్తం చెప్పేశాను. కోట్లు మోయడం, నిచ్చెన మాట, మెట్ల మీద తళుకులు, కెన్, అన్నీ. "మీరు తన కోసమే వచ్చారనుకుంటోందండి, పదేళ్ళుగా. దయచేసి దానికి నిజం చెప్పకండి" అన్నాను. మొదట నవ్వాడు. తర్వాత నవ్వలేదు. దువ్వెన బల్ల మీద పెట్టాడు. "ఆ పిల్ల మొహం నాకు గుర్తే లేదు" అన్నాడు. సిగ్గుపడ్డాడు, జోడీ, నిజంగా. "ఏ వరస?" అన్నాడు. నాకర్థం కాలేదు. "ఎక్కడ కూర్చుంటున్నారు? ఏ వరస?" "ఏడోది" అన్నాను. "చివరి కుర్చీ దాందే, కాళ్ళు పట్టవు కదా." "ఊఁ" అని మళ్ళీ అద్దం వైపు తిరిగాడు.

హాల్లో నలభైమందిమి. సగంమంది వాన తప్పించుకోడానికొచ్చినవాళ్ళు. బాగా పాడాడు, గొంతు పోలేదు. పాట్సీ ప్రతి పాటా లోలోపల పాడుకుంటోంది, తడి కోటుతో. ఆఖరి పాట అయింది. ఆయన మైకు కర్రకి పెట్టేసి, వేదిక పక్క మెట్ల దగ్గరికొచ్చాడు. రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టు, ఒక్కో మెట్టు దిగుతున్నాడు. మోకాలు నొప్పి మొహంలో కనపడుతోంది. మామూలు బూట్లు, నల్లవి. నడవాలో నడుచుకుంటూ వస్తున్నాడు. ఒకటో వరస, రెండో వరస. పాట్సీ నా మణికట్టు పట్టుకుంది, దాని చేతులు చెప్పాగా, వారం రోజులు కమిలిపోయి ఉంది. ఏడో వరస దగ్గర ఆగాడు. అది కూర్చునుంది, ఆయన నిలబడ్డాడు, ఇద్దరి కళ్ళూ దాదాపు ఒకే ఎత్తు. ఎవరికీ వినపడనంత మెల్లగా, "ఆ రోజు నీకు థాంక్స్ చెప్పకుండా వెళ్ళిపోయాను. పదేళ్ళయింది. ఏమీ అనుకోకు" అన్నాడు. పాట్సీ ఏమందో తెలుసా? "పర్వాలేదండి, మీకు పనులుంటాయి కదా" అంది. ఆయన దాని చెయ్యి తీసుకుని ముద్దు పెట్టుకున్నాడు. నలభైమందిలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, అయినా చప్పట్లు కొట్టారు. ఆరు నెలలకి పోయాడు, గుండె ఆగి. ముప్ఫై ఎనిమిదేళ్ళు.

ఇంటికొచ్చేటప్పుడు బస్సులో పాట్సీ ఆయన ముద్దు పెట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. లాంకాస్టర్ దాటాక మోచేత్తో నన్ను పొడిచింది. "నువ్వెప్పుడూ నమ్మలేదు, నాకు తెలుసు. పెళ్ళిలో నీ మొహం చూశాగా. ఇప్పుడైనా నమ్ముతావా, నా దగ్గరికే వచ్చాడని?" అంది. "నమ్ముతున్నానే" అన్నాను. ఆ విషయంలో దానితో నేనన్న మొదటి నిజం అదే. కాబట్టి నువ్వు పేపర్లో ఏం రాస్తావంటే, అది చెప్పినట్టే రాయి. వచ్చాడని రాయి. ఏ సంవత్సరమో రాయకు, అంతే. అదిగో, బెల్లు. పాట్సీయే, చెయ్యి తియ్యకుండా నొక్కుతుంది చూడు. వెళ్ళి తలుపు తియ్యి, నా మోకాలు లేవనివ్వదు. పిల్లిని బయటికి పోనివ్వకు, వాన పడుతోంది.